కండలు తిరిగిన ఒంటికి సూటు, షర్టు: కొలతల నుంచి చివరి ట్రయల్ దాకా

ఛాతీకి సరిపోయిన షర్టుకి నడుము దగ్గర చేతినిండా బట్ట మిగులుతుంది. నడుముకి సరిపోయిన షర్టు ఛాతీ మీద బటన్ల మధ్య నోళ్లు తెరుస్తుంది. కోటు భుజాల దగ్గర బాగుంటే జబ్బల దగ్గర పట్టేస్తుంది. ప్యాంటు తొడల్లోంచి ఎక్కితే నడుము దగ్గర జారిపోతుంది. ఏళ్ల తరబడి వ్యాయామం చేసి ఒళ్లు పెంచుకున్నవాళ్లలో చాలామంది ఈ తంటాతో విసిగిపోయి, సూటు తమలాంటి ఒంటికి నప్పదని తేల్చేసుకుంటారు. నిజానికి వెడల్పు భుజాలు, సన్నని నడుము ఉన్న మనిషికి సూటు నప్పినంతగా ఇంకెవరికీ నప్పదు. కాకపోతే కొనే పద్ధతి వేరుగా ఉండాలి.

ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో ముందు తెలియాలి. రెడీమేడ్ సూట్లు ఒక లెక్క ప్రకారం తయారవుతాయి. కోటు సైజుకీ, దాంతో పాటు వచ్చే ప్యాంటు నడుముకీ మధ్య ఉండే తేడాని డ్రాప్ అంటారు. మామూలు సూట్లలో ఇది 6 అంగుళాలు. అంటే 44 సైజు కోటుతో 38 నడుము ప్యాంటు వస్తుంది. కొన్ని స్లిమ్ ఫిట్ సూట్లలో 7, అథ్లెటిక్ ఫిట్ అని రాసి ఉన్నవాటిలో సాధారణంగా 8 ఉంటుంది. మీ ఛాతీ 44, నడుము 32 అనుకుందాం. మీ తేడా 12 అంగుళాలు. ఈ లెక్కలో మీరు ఎక్కడా లేరు. అందుకే ఎన్ని షాపులు తిరిగినా, వేసుకోగానే సరిపోయే సూటు దొరకదు. దొరకనిదాని కోసం వెతకడం మానేసి, సరిచేయించుకోగలిగిన సూటు కోసం వెతకాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క విషయం గురించే: ఒంట్లో అన్నిటికన్నా పెద్దగా ఉన్న భాగానికి సరిపోయేలా కొని, మిగతాది దర్జీ చేత తగ్గించుకోవడం. ఏది తగ్గించవచ్చో, ఏది అసలు ముట్టుకోలేమో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

స్లిమ్ ఫిట్ గురించి ఒక్కమాట

సన్నని నడుము కనబడాలన్న ఆశతో కండలున్నవాళ్లు ముందు వెళ్లేది స్లిమ్ ఫిట్ వైపే. అది సన్నగా ఉన్నవాళ్ల కోసం కత్తిరించిన బట్ట. నడుము ఒక్కటే కాదు, భుజం, చంక, జబ్బ, తొడ అన్నీ అందులో చిన్నవే. పైగా బట్ట ఛాతీకి, చేతులకి అతుక్కుని లాగుతూ ఉంటే బలంగా కనిపించరు, తమ్ముడి బట్టలు వేసుకున్నట్టు కనిపిస్తారు. ఛాతీ దగ్గర కాస్త వదులుగా, సాఫీగా జారే బట్టే లోపలున్న ఒంటిని బాగా చూపిస్తుంది. ఈ సంగతి నమ్మకపోతే ఒకే కోటుని రెండు సైజుల్లో వేసుకుని, రెండు ఫోటోలు తీయించుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటి పని: కొలతలు

సొంతంగా తీసుకుంటే తప్పు వస్తుంది. ఇంకొకరి సాయం తీసుకోండి. కొలిచే ముందు వ్యాయామం చేయకూడదు, ఎందుకంటే ఆ తర్వాత కాసేపు కండరాల్లోకి రక్తం ఎక్కువగా చేరి జబ్బలు, ఛాతీ ఉబ్బి ఉంటాయి. విశ్రాంతి తీసుకున్న రోజు, పల్చటి బనియన్ మీద, మామూలుగా ఊపిరి పీలుస్తూ నిలబడండి. ఛాతీ విరుచుకోవద్దు, పొట్ట లోపలికి లాగొద్దు. టేప్ పట్టుకునేసరికి ఒళ్లు దానంతటదే బిగుసుకుంటుంది. రెండుసార్లు గట్టిగా ఊపిరి వదిలి, చేతులు వేలాడేసి, అప్పుడు కొలిపించుకోండి.

మెడ కొలత గొంతుముడి కింద, కాలర్ కూర్చునే చోట తీసుకోవాలి. టేపుకీ మెడకీ మధ్య ఒక వేలు పట్టాలి. ఛాతీ కొలత చంకల కిందుగా, వెనక భుజపుటెముకల మీదుగా టేప్ నేలకి సమాంతరంగా ఉంచి తీసుకోవాలి. టేప్ వెనక వైపు కిందికి జారితే రెండు అంగుళాల దాకా తేడా రావచ్చు, కొలిచేవాళ్లకి ఈ మాట ముందే చెప్పండి. భుజాల వెడల్పు వెనక నుంచి, ఒక భుజం చివర నుంచి రెండో భుజం చివరకి. ఇక్కడ కండలున్నవాళ్ల దగ్గర ఒక చిక్కు ఉంది. భుజం ఎముక ఒక చోట ముగుస్తుంది, దాని మీద పెరిగిన కండ ఇంకా బయటికి ఉంటుంది. షర్టుకి ఎముక చివరే గుర్తు. కోటుకి మాత్రం ఆ కండని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నడుముని రెండు చోట్ల కొలవండి, ఒకటి బొడ్డు దగ్గర, ఇంకొకటి మీరు ప్యాంటు కట్టుకునే చోట. తర్వాత సీటు (పిరుదులు) అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న చోట, తొడ మొదట్లో, పిక్క, ముంజేయి, మణికట్టు. జబ్బని రెండుసార్లు కొలవాలి, వదులుగా ఉంచి ఒకసారి, బిగించి ఒకసారి. రెండు చేతులూ విడివిడిగా కొలవండి. ఎక్కువ వాడే చెయ్యి తరచుగా లావుగా ఉంటుంది, ఆ వైపు భుజం కాస్త కిందికి ఉండటం కూడా మామూలే.

ఇవన్నీ ఒంటి కొలతలు. బట్ట కొలతలు వేరు. కోటు మీద 44 అని ఉంటే అది 44 ఛాతీ ఉన్న మనిషి కోసం అని అర్థం. ఆ కోటు ఛాతీని పరిచి కొలిస్తే దానికంటే సుమారు 4 అంగుళాలు ఎక్కువ ఉంటుంది. లోపల షర్టు ఉండాలి, ఊపిరి ఆడాలి, చేతులు కదలాలి కదా. యూరప్ సైజుల్లో ఇదే కోటు 54 అవుతుంది, అంటే అంగుళాల సైజుకి 10 కలిపితే సరి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు సైజు పట్టికలో ఇచ్చింది ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది తప్పనిసరిగా చూడండి. ఈ ఒక్క పొరపాటుతో కొన్నది రిటర్న్ చేయాల్సి రావచ్చు. ఛాతీ వెడల్పు 24 అని రాసి ఉంటే అది పరిచి కొలిచిన సగం, చుట్టుకొలత 48.

రెండో పని: దారి ఎంచుకోవడం

సూటు సంపాదించడానికి మీ ముందు మూడు దారులున్నాయి. రెడీమేడ్ కొని ఆల్టర్ చేయించుకోవడం, కోటు ఒక సైజులో ప్యాంటు ఇంకో సైజులో విడివిడిగా కొనడం, లేదా కొలతలిచ్చి కుట్టించుకోవడం.

జతగా ప్యాక్ చేసి అమ్మే సూటు మీకు దాదాపు పనికిరాదు. 44 కోటుతో వచ్చే 38 ప్యాంటుని 32కి తగ్గిస్తే వెనక జేబులు రెండూ ఒకదానికొకటి తగులుకుంటాయి. ఒకే బట్టలో కోటు, ప్యాంటు విడివిడిగా అమ్మే చోట కొనడం చాలా మేలు. రెండూ ఒకేసారి కొనండి. ఒకే రంగు అని రాసి ఉన్నా, వేర్వేరు లాట్లలో అద్దకం వేసిన బట్టల షేడ్ కాస్త మారుతుంది, వెలుతురులో నిలబడితే అది తెలిసిపోతుంది.

కొలతలిచ్చి కుట్టించడంలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో కంపెనీ దగ్గర ముందే ఉన్న ప్యాటర్న్‌ని, అంటే బట్ట కత్తిరించే నమూనాని, మీ కొలతలకి మారుస్తారు. రెండోదానిలో మీ ఒంటికే కొత్త ప్యాటర్న్ గీసి, పచ్చి కుట్లతో కుట్టి, ట్రయల్ వేసి, విప్పి, మళ్లీ కుడతారు. 8 అంగుళాల తేడా ఉన్నవాళ్లకి ఆల్టరేషన్ చాలు. 10 దాటితే మొదటి రకం, 12 దాటి వీపు, మెడ కండలు కూడా బాగా పెరిగి ఉంటే రెండో రకం గురించి ఆలోచించాలి. చేతిలో ఉన్న డబ్బుతో ఏదో ఒక్కటే కుట్టించుకోగలిగితే నా ఓటు షర్టులకే. కోటునీ ప్యాంటునీ ఎలాగోలా సరిచేయించవచ్చు. లావు మెడ, లావు జబ్బ, సన్న నడుము, మామూలు పొడవు చెయ్యి, ఈ నాలుగూ ఒకే రెడీమేడ్ షర్టులో దొరకడం చాలా అరుదు.

మూడో పని: కోటు

కోటు వేసుకుని అద్దంలో నడుము వైపు చూడకండి. చూడాల్సిన వరుస వేరు: భుజం, ఛాతీ, చంక, కాలర్, ఆ తర్వాతే నడుము.

భుజం కుట్టు మీ భుజం ముగిసి చెయ్యి కిందికి దిగే చోట ఉండాలి. గోడ పక్కన నిలబడి నెమ్మదిగా ఆనుకోండి. ముందు కోటు ప్యాడ్ తగిలి అది నలిగితే భుజం పెద్దది. ముందు మీ చెయ్యే తగిలి, కుట్టు కింద చిన్న గుంట పడితే భుజం చిన్నది. కండలున్నవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే, భుజం కండ చేతి బట్టని బయటికి తోస్తుంది. భుజాన్ని మార్చడం అంటే కోటుని దాదాపు విప్పి మళ్లీ కుట్టడమే. అంత ఖర్చు పెట్టడం కంటే ఆ కోటుని అక్కడే వదిలేయడం మంచిది. ప్యాడ్ వీలైనంత పల్చగా ఉన్నది చూడండి. మీ భుజాల మీద ఇప్పటికే ఉన్న ఎత్తుకి ఇంకో పొర అక్కర్లేదు.

ఛాతీ దగ్గర పై బటన్ పెట్టి చూడండి. బటన్ చుట్టూ గుణకారం గుర్తులా ముడతలు పడితే బిగుతు. లాపెల్, అంటే కాలర్ నుంచి ఛాతీ మీదికి మడిచి ఉండే భాగం, ఛాతీ మీద పరుచుకోకుండా విల్లులా బయటికి వంగితే ఛాతీ చాలలేదు. ఇది చాలామంది పట్టించుకోని లోపం. బటన్ పడుతోంది కదా అని కొనేస్తారు. ఛాతీ దగ్గర దర్జీ చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే పక్క కుట్లలో దాచి ఉంచే మిగులు బట్ట నడుముకి ఉపయోగపడుతుందే గానీ ముందు భాగం వెడల్పుని పెంచదు. ఒక సైజు పెద్దది తీసుకోండి.

చంక లోతు గురించి షాపులో ఎవరూ చెప్పరు. చంక కుట్టు పైకి, ఒంటికి దగ్గరగా ఉంటే చెయ్యి ఎత్తినప్పుడు చెయ్యి మాత్రమే కదులుతుంది. కిందికి దిగి ఉంటే కోటు మొత్తం పైకి లేస్తుంది. లూజుగా ఉంటే సుఖంగా ఉంటుందనుకుని కిందికి దిగిన చంక ఎంచుకుంటే జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అయితే వీపు పక్కల కండలు బాగా పెరిగినవాళ్లకి మరీ పైకి ఉన్న చంక కోస్తుంది. కోస్తుంటే దర్జీ కాస్త కిందికి తవ్వగలడు. కిందికి ఉన్నదాన్ని పైకి మాత్రం తేలేడు.

కాలర్ మెడ వెనక షర్టు కాలర్‌ని తాకుతూ ఉండాలి. మెడ నుంచి భుజం దాకా ఉండే ట్రాప్స్ బాగా పెరిగితే భుజం వాలు ఎక్కువవుతుంది, అప్పుడు కాలర్ కింద అడ్డంగా ఒక మడత పడుతుంది. ఇది భయపడాల్సిన విషయం కాదు, దర్జీ కాలర్ విప్పి, అక్కడ మిగిలిన బట్టని తీసేసి మళ్లీ కుడితే పోతుంది. కాలర్‌కీ మెడకీ మధ్య ఖాళీ రావడం మాత్రం పెద్ద చిక్కే. మీరు నిలబడే తీరుకీ కోటు కటింగ్‌కీ పొత్తు కుదరనప్పుడు అలా వస్తుంది. సరిచేయడం కష్టం, వేరే కంపెనీ కటింగ్ చూడటం తేలిక.

ఇప్పుడు నడుము. వెనక మధ్య కుట్టు, రెండు పక్క కుట్లు కలిపి రెండు అంగుళాల దాకా హాయిగా తగ్గించవచ్చు. మూడు దాటితే ముందు జేబులు పక్కలకి జరుగుతాయి, కోటు వెనక కింది అంచులో ఉండే చీలికలు, అంటే వెంట్లు, విచ్చుకుంటాయి. లెక్క వేసి చూడండి. 8 డ్రాప్ ఉన్న 44 కోటు 36 నడుము కోసం కత్తిరించింది. రెండు అంగుళాలు తీయిస్తే 34 నడుముకి వస్తుంది. మీ నడుము 32 కదా, ఇంకా రెండు మిగిలిందని దర్జీ మీద పడకండి. ఆ రెండు అంగుళాలు అలాగే ఉండనివ్వండి. మొత్తం 12 అంగుళాల తేడానీ కోటులోకి తెస్తే నడుము కింద బట్ట గౌనులా విచ్చుకుంటుంది. 6 డ్రాప్ కోటుతో ఇదే లెక్క వేస్తే ఎందుకు కుదరదో మీకే తెలుస్తుంది.

చేతి పొడవు కోటు కింద షర్టు కఫ్ పావు నుంచి అరంగుళం కనబడేలా. తగ్గించడం తేలికే, కానీ చేతి చివర బటన్లకి నిజమైన కాజాలు కోసి ఉంటే కింద నుంచి తగ్గించడానికి పెద్దగా వీలుండదు, భుజం దగ్గర విప్పాల్సి వస్తుంది. కొనేముందు చూసుకోండి. కోటు పొడవు సీటుని కప్పాలి. పెద్ద సైజు కోట్లు పొడవాటి మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని కత్తిరిస్తారు కాబట్టి, అయిదున్నర అడుగుల ఎత్తుతో వెడల్పు ఛాతీ ఉన్నవాళ్లు రెగ్యులర్ బదులు షార్ట్ అని రాసి ఉన్న సైజులు చూడాలి. పొడవుని ఒక అంగుళం మించి తగ్గిస్తే జేబులు అంచుకి దగ్గరైపోయి అందం పోతుంది. ఫ్యాషన్ పేరుతో వచ్చే పొట్టి కోట్ల జోలికి వెళ్లకండి, వెడల్పాటి పై భాగం కింద అవి ఇంకా పొట్టిగా కనిపిస్తాయి.

లాపెల్ వెడల్పు 3.25 నుంచి 3.75 అంగుళాల మధ్య బాగుంటుంది. వెడల్పు ఛాతీ మీద రెండంగుళాల సన్న లాపెల్ పెడితే ఛాతీ మీద ఖాళీ మైదానం మిగులుతుంది. టై వెడల్పు కూడా లాపెల్‌కి దగ్గరగా ఉండాలి. రెండు బటన్ల కోటు, వెనక రెండు వెంట్లు. ఒకే వెంట్ ఉంటే ఎత్తైన సీటు మీద అది మధ్యలో తెరుచుకుని నిలబడుతుంది. రెండు వరుసల బటన్ల కోటు ఛాతీని ఇంకా వెడల్పు చేస్తుంది, మొదటి సూటుగా అది వద్దు.

కోటు ముందు భాగానికి ఆకారం నిలపడానికి లోపల వేసే పొర కుట్టిన క్యాన్వాసా, లేక జిగురుతో అతికించినదా అన్నది కూడా చూడాలి. జిగురు పెట్టినది బిరుసుగా ఉండి, ఎత్తైన ఛాతీ మీద వంగాల్సిన చోట విరిగినట్టు కనిపిస్తుంది. క్యాన్వాస్ వేసుకున్న కొద్దీ ఛాతీ ఆకారానికి అలవాటు పడుతుంది. ఛాతీ భాగంలో బట్టని, లోపలి లైనింగ్‌ని రెండు వైపుల నుంచీ వేళ్లతో పట్టుకుని మెల్లగా విడదీయండి. మధ్యలో మూడో పొర విడిగా కదులుతూ తగిలితే క్యాన్వాస్ ఉన్నట్టు. ఛాతీ వరకే ఉన్న సగం క్యాన్వాస్ అయినా సరిపోతుంది.

నాలుగో పని: ప్యాంటు

తొడకి, సీటుకి సరిపోయే సైజు కొని నడుము తీయించుకోండి. వెనక మధ్య కుట్టులో రెండు అంగుళాల దాకా తగ్గించవచ్చు. తొడ దగ్గర వదలడానికి లోపల మిగులు బట్ట చాలా తక్కువ ఉంటుంది, కాబట్టి అక్కడ మొదటి నుంచే చోటు ఉండాలి. నిలబడినప్పుడు పక్క జేబులు చెవుల్లా విచ్చుకుంటే సీటు దగ్గర బిగుతు. జిప్ కింద నుంచి అడ్డంగా గీతలు పోతే తొడల దగ్గర బిగుతు.

ముందు ప్లీట్లు (నడుము పట్టీ కింద వేసే మడతలు) ఉన్న ప్యాంటుని చాలామంది పాత ఫ్యాషన్ అని పక్కన పెట్టేస్తారు. లావు తొడలకి అంత మంచి ఏర్పాటు మరొకటి లేదు. నిలబడితే మూసుకుంటాయి, కూర్చుంటే తెరుచుకుని తొడకి చోటిస్తాయి. బొడ్డుకి దగ్గరగా నిలబడే ప్యాంటు అయితే ఇంకా మంచిది, నడుములో అన్నిటికన్నా సన్నగా ఉన్న చోట పట్టుకుంటుంది, జారదు. కిందికి దించి కట్టే ప్యాంటు సీటు మీదే ఆగుతుంది, వంగినప్పుడు షర్టు బయటికొస్తుంది. మోకాలి కింద నుంచి కొద్దిగా సన్నబరచమని చెప్పండి, పిక్కకి మాత్రం తగలకూడదు. తొడలు రాసుకునే చోట లోపల ఒక పొర అదనంగా వేయించుకుంటే ప్యాంటు రెట్టింపు కాలం వచ్చినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఇలాంటి ఒంటి మీద ప్యాంటు ముందుగా అరిగేది అక్కడే.

అయిదో పని: షర్టు

రెడీమేడ్ షర్టు సైజు మెడతో మొదలవుతుంది. మెడ 17.5 ఉంటే ఆ మనిషికి పొట్ట కూడా ఉంటుందని కంపెనీ అనుకుంటుంది, నడుము ఆ లెక్కనే కత్తిరిస్తుంది. మీ మెడ లావుగా ఉన్నది కండతో అని దానికి తెలియదు. కాబట్టి షర్టులో కూడా మెడ, భుజం, ఛాతీ, జబ్బ సరిపోయేలా కొని నడుము తగ్గించుకోవాలి.

కాలర్ బటన్ పెట్టాక లోపల రెండు వేళ్లు ఇబ్బంది లేకుండా పట్టాలి. నూలు షర్టు మొదటి కొన్ని ఉతుకుల్లో కుంచించుకుపోతుంది, కాలర్ దగ్గర పావంగుళం పోయినా ఊపిరాడనట్టు ఉంటుంది. కొత్తది వేసుకున్నప్పుడు మెడకి అచ్చంగా సరిపోయిందంటే నెల తర్వాత అది చిన్నదే. ఛాతీ చుట్టూ ఒంటి కొలత మీద 4 అంగుళాలు, నడుము దగ్గర కూడా దాదాపు అంతే ఉంటే కూర్చున్నప్పుడు బటన్లు లాగవు. జబ్బ దగ్గర, కండ బిగించినప్పటి కొలత కంటే కనీసం ఒక అంగుళం ఎక్కువ ఉండాలి. బిగుతైన చెయ్యి కోటు లోపల మెలిక పడుతుంది, చెయ్యి ముందుకి చాపితే కఫ్ ముంజేతి దాకా వచ్చేస్తుంది. షర్టు చేతిని సన్నబరచవచ్చు గానీ వెడల్పు చేయడానికి బట్ట ఉండదు.

నడుము తగ్గించడానికి రెండు మార్గాలు. పక్క కుట్లు లోపలికి తీయడం ఒకటి, వెనక వీపు కింద రెండు డార్ట్‌లు (బట్టని లోపలికి మడిచి, చివర్లు సన్నగా వేసే నిలువు కుట్లు) వేయించడం ఇంకొకటి. కండలున్న ఒంటికి డార్ట్‌లు బాగా కుదురుతాయి, ఎందుకంటే వెడల్పు వీపు నుంచి నడుముకి దిగే ఆ లోతు వెనక వైపే ఉంటుంది. రెండు డార్ట్‌లతో రెండు, మూడు అంగుళాలు పోతాయి. ఖర్చు కూడా తక్కువ. ఇంట్లో ఉన్న పాత షర్టులకి ముందు ఈ పని చేయించి చూడండి, కొత్తవి కొనే అవసరమే కొంత తగ్గుతుంది.

వీపు మీద యోక్ (భుజాల మీదుగా అడ్డంగా వేసే బట్ట ముక్క) కింద ప్లీట్లు ఉంటాయి. మధ్యలో ఒకే పెద్ద ప్లీట్ ఉంటే ఆ బట్ట వెన్నెముక గాడి మీద మిగిలిపోతుంది. రెండు పక్కలా రెండు ప్లీట్లు ఉంటే అవి భుజపుటెముకల మీదికి వస్తాయి, అసలు కదలిక ఉండేది అక్కడే. ఒక భుజం కిందికి ఉన్నవాళ్లు కుట్టించుకునేటప్పుడు యోక్‌ని రెండు ముక్కలుగా వేయమని అడగాలి, రెండు భుజాలకీ వేర్వేరు వాలు ఇవ్వవచ్చు. షర్టు అంచు పొడవుగా ఉండాలి. రెండు చేతులూ తల మీదికి ఎత్తినా ప్యాంటులోంచి బయటికి రాకూడదు.

లావు మెడకి చిన్న కాలర్ పెడితే అది మెడలో మునిగిపోతుంది. కాలర్ కొనలు కోటు లాపెల్ కిందికి వెళ్లేంత పొడవుండాలి, మధ్య విప్పు మరీ ఎక్కువ వద్దు. ట్రాప్స్ వల్ల మెడ పొట్టిగా కనిపిస్తుంటే కాలర్ ఎత్తు తగ్గించమనండి. కఫ్ దగ్గర ముంజేయి లావునీ, వాచీ పెట్టుకునే చేతినీ చూసుకుని ఒక వైపు పావంగుళం ఎక్కువ ఇప్పించుకోండి.

బట్ట విషయానికొస్తే, పల్చటి పాప్లిన్ ప్రతి లాగుడునీ చూపిస్తుంది. ట్విల్, ఆక్స్‌ఫర్డ్ కాస్త బరువుగా జారుతాయి. 2, 3 శాతం ఎలాస్టేన్ (సాగే దారం) కలిసిన నూలు చేతుల కదలికకి నిజంగా సాయం చేస్తుంది. కానీ సాగుతుంది కదా అని చిన్న సైజు కొంటే లాభం లేదు. రోజంతా సాగి ఉన్న బట్ట మోచేతుల దగ్గర వదులైపోతుంది. సూటుకి మాత్రం ఉన్నినే నమ్మండి. కాస్త బరువున్న ఉన్ని ముడతలు విడుచుకుని జారుతుంది, పల్చటిది తొడల దగ్గర త్వరగా అరుగుతుంది.

ఆరో పని: దర్జీతో మాట్లాడటం, ట్రయల్ వేయడం

కండలున్న మనిషిని చూడగానే కొందరు దర్జీలు ఒంటికి అతికినట్టు కుట్టాలనుకుంటారు, అది మీకు మెప్పుగా చేస్తున్నామనే అనుకుంటారు. ముందే చెప్పండి: “ఛాతీ, జబ్బల దగ్గర బట్ట లాగకూడదు, నడుము దగ్గర షేప్ కావాలి, లోపల మిగిలిన బట్ట కత్తిరించవద్దు.” ఈ మూడు మాటలు చాలు. చివరిది మరీ ముఖ్యం. నడుములోంచి తీసిన బట్టని కుట్టు లోపలే ఉంచితే, రేపు ఒళ్లు వచ్చినప్పుడు మళ్లీ వదులుకోవచ్చు.

ట్రయల్‌కి వెళ్లేటప్పుడు సూటు కింద వేసుకునే షర్టు, బూట్లు, బెల్టు అన్నీ వేసుకుని వెళ్లండి. జేబుల్లోంచి ఫోన్, పర్సు తీసేయండి. ముందు నుంచి అద్దంలో అందరూ బాగానే కనిపిస్తారు, అసలు తప్పులు వెనక ఉంటాయి. ఎవరిచేతైనా వెనక నుంచి, పక్క నుంచి ఫోటో తీయించుకోండి. ఆ తర్వాత బటన్ పెట్టి రెండు చేతులూ స్టీరింగ్ పట్టుకున్నట్టు ముందుకి చాపండి. వీపు మీద కుట్టు పట్టేసిందా? ఎవరినైనా కౌగిలించుకోండి. కూర్చోండి, బూటు లేసు కట్టుకోండి, లేచి నిలబడండి. ఇన్ని చేశాక కాలర్ మెడని వదలకుండా ఉంటే, ప్యాంటు మడత తనంతట తానే సర్దుకుంటే, ఆ సూటు మీది.

ఒళ్లు మారుతూ ఉంటే

బరువు పెంచే నెలలు, తగ్గించే నెలలు అని విడదీసుకుని వ్యాయామం చేసేవాళ్లు మధ్యలో ఎక్కడో ఉండే బరువు దగ్గర కొలతలివ్వాలి. అన్నిటికన్నా సన్నగా ఉన్నప్పుడు కుట్టించుకున్న సూటు ఏడాదిలో కొద్ది వారాలే పడుతుంది. పెళ్లి, ఇంటర్వ్యూ లాంటి తేదీ దగ్గర పడుతుంటే కనీసం మూడు, నాలుగు వారాల ముందు చివరి ట్రయల్ పెట్టుకోండి, ఆ తర్వాత తిండిలో పెద్ద మార్పులు చేయకండి. నడుముకి రెండు పక్కలా బిగించి వదులుకునే పట్టీలున్న ప్యాంటు అయితే ఒక అంగుళం అటూ ఇటూ అయినా టెన్షన్ ఉండదు.

కొలతలిచ్చి షర్టులు కుట్టించుకుంటుంటే ఒక్కటి మాత్రమే ముందు ఆర్డర్ ఇవ్వండి. దాన్ని రెండు మూడు సార్లు ఉతికి, ఇస్త్రీ చేసి, కోటు కింద ఒక పూర్తి రోజు వేసుకోండి. ఎక్కడ పట్టిందో, ఎక్కడ మిగిలిందో కాగితం మీద రాసి దర్జీకి ఇచ్చి, ఆ మార్పులతో మిగతావి కుట్టించుకోండి. ఆ కొలతల కాగితం నకలు మీ దగ్గరే ఉంచుకోండి, దర్జీ మారినా అది పనికొస్తుంది.